బడి ముందు రోడ్డు: ఒక పోటీ ప్రశ్న

పిల్లలూ, ముందుగా మీకొక లెక్క.

ఒక రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కనే వస్తున్నాయి. ఒకటి గంటకు 30 కిలోమీటర్ల వేగంతోనూ, రెండవది 50 కిలోమీటర్ల వేగంతోనూ పోతున్నాయి. సరిగా 14 మీటర్ల దూరాన ఒక పిల్లవాడు బంతి వెంట పరుగెత్తి రోడ్డు మధ్యకు వచ్చాడు. ఇద్దరు డ్రైవర్లూ అతన్ని ఒకే క్షణంలో చూశారు. చూసి, బ్రేకు మీద కాలు వేయటానికి ఇద్దరికీ ఒక్కొక్క సెకను పట్టింది. రెండు కార్ల బ్రేకులూ మంచివే. రోడ్డు పొడిగా ఉన్నది. ఏ కారు ఆగుతుంది?

గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8.3 మీటర్లు. కనక మొదటి కారు, డ్రైవరు కాలు కదిలే లోపలే 8.3 మీటర్లు వచ్చేసింది. బ్రేకు పడిన తరవాత మరి 5 మీటర్లు జారి ఆగింది. మొత్తం 13.3 మీటర్లు. అంటే పిల్లవాడికి మూరన్నర దూరంలో ఆగిందన్న మాట. పిల్లవాడు బంతి తీసుకుని ఇంటికి పోయాడు.

ఇక రెండవ కారు. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు 13.9 మీటర్లు. డ్రైవరు కాలు బ్రేకును తాకే వేళకు కారు 13.9 మీటర్లూ వచ్చేసింది! వేగం ఇంకా ఏమాత్రమూ తగ్గలేదు. తరవాత ఏమయిందో నేను చెప్పనక్కరలేదు.

మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండవ కారుకు బ్రేకైనా పడలేదు. తేడా గంటకు 20 కిలోమీటర్లే! ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. వేగం రెట్టింపయితే, బ్రేకు పడిన తరవాత కారు జారే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? బంతి వెంట పరుగెత్తిన పిల్లవాడిదా? పిల్లలన్న తరవాత బంతి వెంట పరుగెత్తుతారు. డ్రైవరుదా? అతను చూడగానే బ్రేకు వేశాడు. తప్పెవరిదని తగువులాడుకుంటూ కూచుంటే రేపు మరొక పిల్లవాడు మరొక బంతి వెంట పరుగెత్తుతాడు. అందుచేత తెలివిగలవారు మరొక ప్రశ్న వేసుకున్నారు: "మనుషులు పొరపాటు చేయక మానరు గదా, ఆ పొరపాటు ప్రాణం తీయకుండా రోడ్డును, బండిని, గుర్తులను ఎట్లా తయారుచేయాలి?" 1997లో స్వీడన్ దేశపు పార్లమెంటు ఈ ప్రశ్ననే తమ రోడ్లకు మూలసూత్రంగా అంగీకరించింది.

ఈ ప్రశ్నకు జవాబు వెతకమనే నేడు అనేక దేశాలలో విద్యార్థులకు పోటీలు పెడుతున్నారు. వ్యాసరచన పోటీలో మంచి మాటలు రాస్తే చాలు. ఈ పోటీలలో అది చాలదు. ఒక వస్తువునో, ఒక పద్ధతినో ఆలోచించి, నమూనా తయారుచేసి, అది పని చేస్తుందని చూపించాలి. అటువంటి పోటీకి మీరూ సిద్ధం కావచ్చు. ఎట్లాగో చెబుతాను.

ఎందుకింత అవసరం?

మన దేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వపు లెక్క. దీన్ని 365తో భాగించి చూడండి. రోజుకు సుమారు 462 మంది. గంటకు 19 మంది. మీ బడిలో ఒక పీరియడు పూర్తయ్యే లోపల దేశంలో ఎక్కడెక్కడో పధ్నాలుగు పదిహేను ఇళ్ళలో ఏడుపులు వినిపిస్తాయి. చనిపోయినవారిలో 9,000 మందికి పైగా పద్ధెనిమిది ఏళ్ళు నిండనివారు. ప్రతి వందమందిలో సుమారు 44 మంది మోటారు సైకిళ్ళ మీద, స్కూటర్ల మీద వెళ్ళేవారు. సుమారు 19 మంది నడిచిపోయేవారు. ప్రపంచం మొత్తం మీద చూసినా, 5 ఏళ్ళ నుంచి 29 ఏళ్ళ లోపువారి ప్రాణాలను అన్నిటికన్న ఎక్కువగా తీస్తున్నది రోగం కాదు, రోడ్డు ప్రమాదమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

"పెద్ద పెద్ద ఇంజనీర్లు ఉండగా పిల్లలం మేమేం చేయగలం?" అని మీరు అడగవచ్చు. ఒక పని చేసి చూడండి. మీ నాన్నగారిని మోకాళ్ళ మీద కూచోబెట్టి, ఆగి ఉన్న కారు వెనక నుంచి రోడ్డును చూడమనండి. కారు వెనక భాగం తప్ప ఆయనకు ఏమీ కనిపించదు. మూడవ తరగతి పిల్లవాడికి రోడ్డు రోజూ కనిపించేది అట్లాగే! నిలబడి చూసే పెద్దవాళ్ళకు ఈ సంగతి తోచదు. మీకు తెలిసి, పెద్దలకు తెలియని సంగతులు రోడ్డు మీద చాలా ఉన్నాయి. అదే మీ పెట్టుబడి.

కారణం కనిపెట్టినవారు

పోటీ అనగానే పిల్లలు సాధారణంగా తీగలు, బల్బులు, సైరన్లు కొనటానికి పరుగెత్తుతారు. అది తలకిందుల పని. మొదట ప్రమాదం ఏ క్షణంలో, ఏ కారణాన పుడుతున్నదో కనిపెట్టాలి. కారణం దొరికితే సాధనం దానంతట అదే దొరుకుతుంది. దీనికి నాలుగు కథలు చెబుతాను. నాలుగూ నిజంగా జరిగినవే.

మొదటిది అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో ఉండిన గారెట్ మోర్గన్ కథ. ఆయన నల్లజాతివాడు. తల్లిదండ్రులు బానిసత్వం అనుభవించినవారు. చిన్నబడి చదువుతోనే ఆయన చదువు ఆగిపోయింది. కుట్టుమిషన్లు బాగుచేస్తూ పైకి వచ్చాడు. ఆ రోజులలో కూడలి దగ్గర సిగ్నళ్ళు లేకపోలేదు. కాని వాటిలో చాలావాటికి "ఆగు", "పో" అనే రెండు ఆజ్ఞలే ఉండేవి. మోర్గన్ జాగ్రత్తగా ఆలోచించాడు. ఒక వైపు వారికి "ఆగు" అని, అదే క్షణంలో రెండవ వైపు వారికి "పో" అని చెబితే, అప్పటికే కూడలి మధ్యలో ఉన్న బండి గతి ఏమిటి? ప్రమాదం పుడుతున్నది ఆగటంలోనూ కాదు, పోవటంలోనూ కాదు. ఆ రెండింటి మధ్య క్షణంలో! అందుచేత ఆయన మూడవ ఆజ్ఞ ఒకటి పెట్టాడు. కొంతసేపు అన్ని వైపులవారూ ఆగాలి. మధ్యలో ఉన్నవారు బయటపడాలి. నడిచేవారు రోడ్డు దాటాలి. 1923లో దానికి పేటెంటు వచ్చింది. డెట్రాయిట్ నగరంలో విలియం పాట్స్ అనే పోలీసు ఉద్యోగి 1920లోనే ఎరుపు, ఆకుపచ్చల మధ్య మూడవ రంగు దీపం పెట్టాడు. పచ్చ దీపం "తొందరగా పోండి" అనటానికి పుట్టలేదు, "ఇక ఆగండి" అనటానికే పుట్టింది. ఈ సంగతి మీ ఇంట్లో బండి నడిపేవారికి చెప్పండి.

రెండవ కథ ఇంగ్లండులోని గురుశిష్యులది. మార్గరెట్ కాల్వర్ట్ అనే అమ్మాయి లండనులో చెల్సీ చిత్రకళా పాఠశాలలో చదువుకుంటున్నది. అక్కడి ఉపాధ్యాయుడు జాక్ కిన్నియర్ ఆమె పని చూసి, ఒక విమానాశ్రయానికి దారి చూపే బోర్డులు తయారుచేయటంలో తనకు సాయంగా తీసుకున్నాడు. తరవాత బ్రిటన్ రోడ్ల మీది బోర్డులన్నీ కొత్తగా తయారుచేసే పని ఆ ఇద్దరి మీద పడింది. అదివరకు ఒక్కొక్క ఊళ్ళో బోర్డు ఒక్కొక్క రకంగా ఉండేది. వేగంగా పోయేవాడు బోర్డు చదవబోతే రోడ్డు మీద చూపు తప్పుతుంది. రోడ్డును చూస్తే బోర్డు దాటిపోతుంది. కారణం అక్కడ ఉన్నది. కనక అక్షరాలు ఎంత దూరానికి తెలుస్తాయో పరీక్షించారు. ఒక విమానాల మైదానంలో మనుషులను వేదిక మీద కూచోబెట్టి, కారు పైన బోర్డు కట్టి వారి వైపు నడిపారు! ఏ బోర్డును ఎంత దూరాన చదవగలిగారో కొలిచారు. 1965 నుంచి కొత్త బోర్డులు అమలులోకి వచ్చాయి. బడి దగ్గర పెట్టే బోర్డు మీద కాల్వర్ట్ ఒక అమ్మాయి చిన్న తమ్ముడిని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు గీసింది. ఆ అమ్మాయి బొమ్మకు ఆధారం చిన్నప్పటి తన ఫోటోయే!

మూడవ కథ ఎమిలీ బ్రూక్‌ది. ఈమె బ్రైటన్ విశ్వవిద్యాలయంలో వస్తువుల రూపకల్పన చదువుకున్నది. ఒకసారి బ్రిటన్ దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు సైకిలు మీద దాటింది. చివరి సంవత్సరం చేయవలసిన పనికి సైకిళ్ళ ప్రమాదాలనే ఎంచుకుని వివరాలు సేకరించింది. చాలా ప్రమాదాలు సైకిలు తిన్నగా పోతూ ఉండగా, పక్కనో ముందో ఉన్న బండి చటుక్కున తిరగటం వల్ల జరుగుతున్నాయని తెలిసింది. బండివాడు చెడ్డవాడు కాదు. సైకిలు అతనికి కనిపించని చోట ఉన్నది. సైకిలు కనిపించకపోతే, సైకిలు బొమ్మనే ముందుగా పంపితే? ఆమె తయారుచేసిన దీపం సైకిలుకు అయిదారు మీటర్ల ముందు నేల మీద ఆకుపచ్చని సైకిలు బొమ్మను వెలిగిస్తుంది. బండివాడు ఆ బొమ్మను చూసి, వెనక ఎవరో వస్తున్నారని తెలుసుకుంటాడు. 2016లో లండను నగరంలోని అద్దె సైకిళ్ళకు ఈ దీపాన్ని అమర్చటం మొదలుపెట్టారు. ఆ సైకిళ్ళు 11,000కు పైగా ఉండేవి.

నాలుగవది ఒక పోటీలో బహుమతి పొందిన వస్తువు. జేమ్స్ డైసన్ అవార్డు అని విద్యార్థులకు అంతర్జాతీయంగా జరిగే రూపకల్పన పోటీ ఒకటి ఉన్నది. 2016లో దాని ప్రథమ బహుమతి న్యూయార్కులోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన ఐసిస్ షిఫర్‌కు వచ్చింది. ఆమె చేసినది కాగితపు హెల్మెట్! నవ్వకండి. అద్దె సైకిలు తీసుకునేవాడు అప్పటికప్పుడు తీసుకుంటాడు; ఇంటి నుంచి హెల్మెట్ మోసుకు రాడు. కనక నెత్తిన ఏమీ లేకుండానే ఎక్కుతాడు. హెల్మెట్లు మంచివి కాకపోవటం కాదు కారణం, వేళకు చేతిలో లేకపోవటం. అందుచేత మడిస్తే బల్లపరుపుగా సంచీలో ఇమిడేది, విప్పితే తలకు పట్టేది, చవకగా దొరికేది ఒకటి కావాలి.

కాగితం తలను ఎట్లా కాపాడుతుంది? క్రికెట్ ఆటలో వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు మీరు చేతులను కొంచెం వెనక్కు లాగుతారు గదా! ఎందుకు? బంతి ఆగటానికి ఎక్కువ వ్యవధి దొరికితే దెబ్బ తగ్గుతుంది. తేనెపట్టు గదులలాగా అతికిన కాగితపు గోడలు దెబ్బ తగలగానే ఒక్కొక్కటే నలుగుతాయి. అవి నలిగేటంతసేపు తలకు వ్యవధి దొరుకుతుంది. ఈ మాట ఆమె నోటితో చెప్పి ఊరుకోలేదు. లండనులో ఇంపీరియల్ కాలేజీలో హెల్మెట్లను పరీక్షించే ప్రయోగశాల ఉంటే, అక్కడ తన నమూనాలను పరీక్షకు పెట్టి కొలతలు తీసుకున్నది. వానకు తడిసిపోకుండా కాగితానికి పూత పూసింది. బహుమతి ఆ శ్రద్ధకు వచ్చింది.

చూశారా? నలుగురూ మొదట కారణాన్ని వెతికారు. తరవాతనే చేతులకు పని పెట్టారు.

మీరు చేయవలసిన పని

ఇప్పుడు మీ బడి ముందు రోడ్డునే తీసుకుందాం. నలుగురు పిల్లలు ఒక జట్టుగా చేరండి. మీ ఉపాధ్యాయుడో, తండ్రో, తల్లో వెంట లేకుండా మాత్రం ఈ పని చేయకండి. రోడ్డు మీద కాదు, గేటు లోపలో, పేవుమెంటు మీదనో నిలబడి చూడండి.

మొదటి పని చూడటం. బడి గంటకు పావుగంట ముందు నుంచి పావుగంట తరవాత దాకా అయిదు రోజులు చూడండి. ఒక కాగితం మీద రోడ్డు పటం గీయండి. గేటు, ఆటోలు ఆగే చోటు, బస్సు ఆగే చోటు, చెట్లు, బండ్లు, మిఠాయి కొట్టు గుర్తు పెట్టండి. ఒక్కొక్క పిల్లవాడు రోడ్డు ఎక్కడ దాటాడో అక్కడ ఒక్కొక్క గీత గీయండి. అయిదు రోజుల తరవాత ఆ గీతలు ఏ చోట గుత్తులుగా పడ్డాయో చూస్తే, మీకే ఆశ్చర్యం వేస్తుంది.

నేను పని చేసిన ఒక బడిలో పిల్లలు ఇట్లాగే లెక్క వేశారు. వారు మొదట గేటు దగ్గర సైరను పెట్టాలనుకున్నారు. పటం గీసిన తరవాత ఆ ఊసే ఎత్తలేదు. ఎందుకంటే, గీతలన్నీ బస్సు ఆగే చోటికి సరిగా ముందు పడ్డాయి. పిల్లలు బస్సు దిగి, బస్సు ముందు నుంచే రోడ్డు దాటుతున్నారు. బస్సును దాటుకుని కుడిపక్క నుంచి వచ్చే మోటారు సైకిలుకు పిల్లవాడు కనిపించడు; పిల్లవాడికి మోటారు సైకిలు కనిపించదు. బస్సు గోడలాగా అడ్డం! సైరను ఎంత మోగినా ఆ గోడ తొలగదు. అప్పుడు ఎనిమిదవ తరగతి అమ్మాయి ఒకతె, "బస్సే కాస్త ముందుకు పోయి ఆగితే?" అన్నది. పిల్లలు దాటే గీతలను దాటి ఇరవై అడుగులు ముందుకు పోయి బస్సు ఆగితే, పిల్లలు బస్సు వెనక వైపు ఎడంగా దాటుతారు. వెనక నుంచి వచ్చే బండ్లు వారికి కనిపిస్తాయి. వారు బండ్లకు కనిపిస్తారు. అగ్గిపెట్టెలతో బస్సులు, అట్టతో రోడ్డు చేసి, పిల్లలు ఊరి పెద్దలకూ, బస్సు డ్రైవర్లకూ చూపించారు. ఖర్చు ఒక డబ్బా సున్నం, ఒక కుంచె. ఎక్కడ ఆగాలో రోడ్డు పక్కన గీత గీశారు. బస్సు అక్కడ ఆగటం మొదలుపెట్టింది.

రెండవ పని కొలవటం. రోడ్డు వెడల్పు ఎంత? దాటటానికి ఎంతసేపు పడుతుంది? మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజనీర్లు సాధారణంగా లెక్క వేస్తారు. ఆ లెక్కన 12 మీటర్ల రోడ్డు దాటటానికి 10 సెకన్లు చాలు. కాని మీ నాయనమ్మను బడి ఆవరణలో 12 మీటర్లు నడవమని గడియారం చూడండి. ఆవిడకు 15 సెకన్లు పట్టిందనుకోండి. ఆకుపచ్చ దీపం 10 సెకన్లే వెలిగితే ఆవిడ రోడ్డులో ఎక్కడ ఉంటుంది? 8 మీటర్ల దగ్గర, నట్టనడుమ దాటి, అవతలి వైపు నుంచి వచ్చే బండ్ల ఎదుట! ఒక పోటీకి ఇంత మంచి ప్రశ్న చాలు. ముసలివారు, కర్ర సాయంతో నడిచేవారు, చంటిబిడ్డను ఎత్తుకున్నవారు దాటే దాకా దీపం ఆగేటట్టు చేయటం ఎట్లా? లేక రోడ్డు మధ్యలో వారు నిలబడటానికి చిన్న అరుగు కట్టటం మంచిదా? రెండూ అట్టతో చేసి చూడవచ్చు.

మూడవ పని, అదివరకే ఉన్న దాన్ని తెలుసుకోవటం. "స్పీడ్ బ్రేకరు వేయాలి" అని చాలామంది పిల్లలు రాస్తారు. మంచిదే. కాని ఎట్లాంటిది? మన దేశపు రోడ్డు ఇంజనీర్ల నియమంలో గుండ్రని గట్టు కొలత ఇట్లా ఉన్నది: వెడల్పు 3.7 మీటర్లు, నడిమి ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చేవారు దాన్ని ఇబ్బంది లేకుండా దాటగలగాలి. వేగంగా వచ్చేవారికే కుదుపు తగలాలి. మీ వీధిలో ఉన్న గట్టును టేపుతో కొలవండి; అయితే బండ్లు రాని వేళ, పెద్దవారు పక్కన ఉండగా కొలవండి. సన్నగా, ఎత్తుగా, రంగు గీతలు లేకుండా ఉన్న గట్టు రాత్రివేళ మోటారు సైకిలు మీద వచ్చేవాడిని పడగొట్టగలదు. మేలు చేయబోయి కీడు చేసే వస్తువు ఇట్లాగే తయారవుతుంది.

ఈ మాటకు ఒక పాత నిదర్శనం ఉన్నది. 1868 డిసెంబరులో లండనులో పార్లమెంటు భవనం దగ్గర మొట్టమొదటి రోడ్డు సిగ్నలు పెట్టారు. రైల్వే ఇంజనీరు ఒకాయన దాన్ని తయారుచేశాడు. పగలు చేతులలాగా రెక్కలు లేచేవి. రాత్రి గ్యాసుతో ఎరుపు, ఆకుపచ్చ దీపాలు వెలిగేవి. ఆలోచన చాలా గొప్పది. కాని నెల తిరగకముందే గ్యాసు పేలి, దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. ఆ సిగ్నలును తీసివేశారు. ఆలోచన చచ్చిపోలేదు, కరెంటు దీపాల కాలంలో మళ్ళీ లేచింది. నాలుగవ పని పరీక్షించటం అని ఎందుకంటున్నానో ఇప్పుడు తెలిసిందా? మీ నమూనా వానలో పని చేస్తుందా? దుమ్ము పడితే? కరెంటు పోతే? పది రోజుల తరవాత ఎవరూ చూడకపోతే? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. పరీక్ష మాత్రం బల్ల మీద, బడి ఆవరణలో సైకిళ్ళతో చేయండి. బండ్లు తిరిగే రోడ్డు మీద ఎన్నడూ చేయకండి.

అయిదవ పని, తిరిగి చేయటం. మొదటి నమూనా చెడిపోతే సంతోషించండి. ఎక్కడ చెడిందో తెలిసింది గదా! తేదీ వేసి, బొమ్మ గీసి, ఏమి మార్చారో నోటుబుక్కులో రాయండి. న్యాయనిర్ణేతలు మెరిసే నమూనా కన్న ఇట్లాంటి నోటుబుక్కునే ఎక్కువ ఆసక్తిగా చూస్తారు. ఎందుకంటే, అందులో పని మీదో, మీ మామయ్యదో తెలిసిపోతుంది!

ఎక్కడికి పంపాలి?

మన దేశంలో కేంద్ర ప్రభుత్వపు శాస్త్ర సాంకేతిక శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి "ఇన్‌స్పైర్ – మానక్" అనే కార్యక్రమం నడుపుతున్నాయి. ఆరవ తరగతి నుంచి పై తరగతుల పిల్లలు ఇందులో పాల్గొనవచ్చు. మీ సొంత ఆలోచనను కొద్ది మాటలలో రాసి ప్రధానోపాధ్యాయునికి ఇస్తే, బడి తరఫున ఆయన పంపుతారు. ఎన్నికైన ఆలోచనకు నమూనా తయారుచేసుకోవటానికి 10,000 రూపాయలు పిల్లవాడి బ్యాంకు ఖాతాలో వేస్తారు. తరవాత జిల్లా ప్రదర్శన, రాష్ట్ర ప్రదర్శన, దేశ ప్రదర్శన వరసగా జరుగుతాయి. ఇంజనీరింగు చదివే మీ అన్నలకూ అక్కలకూ 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ఉన్నది. అందులో ప్రభుత్వ శాఖలే తమ చిక్కు ప్రశ్నలను విద్యార్థులకు ఇస్తాయి.

ఆలోచన రాసేటప్పుడు నాలుగు వాక్యాలు చాలు. ప్రమాదం ఎక్కడ, ఎప్పుడు పుడుతున్నది? ఎందుకు పుడుతున్నదని మీరు లెక్క వేసి తెలుసుకున్నారు? మీ సాధనం ఆ కారణాన్ని ఎట్లా తొలగిస్తుంది? ఎంత ఖర్చవుతుంది? "భారతదేశంలో ప్రమాదాలన్నీ ఆపే యంత్రం" అని రాయకండి. "మా బడి గేటు దగ్గర సాయంత్రం నాలుగున్నరకు ఆటోల వెనక నుంచి పిల్లలు కనిపించటం లేదు" అని రాయండి. చిన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పెద్ద మాటకు చప్పట్లు మాత్రమే దొరుకుతాయి.

పెద్దలకు ఒక మాట

ఈ పుటలు చదివే తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లవాడు అయిదు రోజులు రోడ్డును చూసి వచ్చిన తరవాత, "నాన్నా, నువ్వు కూడా నన్ను దించేటప్పుడు జీబ్రా గీతల మీదనే బండి ఆపుతున్నావు" అనవచ్చు. "హెల్మెట్ నువ్వే పెట్టుకున్నావు, నాకేది?" అని అడగవచ్చు. కోపం తెచ్చుకోకండి. చట్ట ప్రకారం నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. పిల్లవాడు లెక్క వేసి చెప్పిన మాట నిజమైతే, ఆ మాట వినటమే అతనికి మీరిచ్చే మొదటి బహుమతి. నమూనా మీరు చేసి పెట్టకండి. అంచు వంకరగా ఉన్నా అతని చేతులనే చేయనివ్వండి.

బహుమతులు కొద్దిమందికే వస్తాయి, పిల్లలూ. కాని మీ బడి ముందు ఒక్క బస్సు ఇరవై అడుగులు ముందుకు పోయి ఆగినా, ఒక్క ఆటో గేటుకు అడ్డం తొలగినా, ఏదో ఒక సాయంత్రం ఏదో ఒక ఇంటికి ఒక పిల్లవాడు రోజూలాగే వచ్చి, సంచీ విసిరేసి, అన్నం పెట్టమంటాడు. తనకు ఏమి తప్పిందో అతనికి తెలియదు. వాళ్ళమ్మకూ తెలియదు. మీ లెక్కల పుస్తకానికి మాత్రం తెలుస్తుంది.

సోమవారం నాడు పెద్దవారినెవరినైనా తోడు తీసుకుని, గంటకు పావుగంట ముందు బడి గేటు దగ్గరకు వెళ్ళండి. కాగితం, పెన్సిలు మరచిపోకండి.